రెండు ఫైబర్లుంటే బెంగ తీరినట్టేనా?

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం. మీటింగ్ మధ్యలో నెట్ పోతే ఒకటే టెన్షన్. ఇప్పుడున్న ఫైబర్‌కు తోడు ఇంకో కంపెనీ ఫైబర్ కూడా పెట్టించుకోనా?
- ఒక పాఠకురాలు

జవాబు: తొందరపడకండి. ముందు బయటికెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. కంపెనీలు వేరైనా వైర్లు ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, కొమ్మ విరిగిపడిన రోజు రెండూ కలిసే తెగుతాయి. రెండోది వేరే దారిలో రావాలి. అంటే 4జీ గానీ, 5జీ గానీ. ఏ సిమ్ అంటారా? మీరు కూర్చునే గదిలో ఏది బాగా అందితే అది.

అసలు పోతున్నది నెట్టా, కరెంటా? ఈసారి ఆగినప్పుడు ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంటే లైన్లోనే తేడా. లైట్లేవీ లేకపోతే కరెంటు పోయినట్టు. అలాంటప్పుడు మినీ యూపీఎస్ (కరెంటు పోయినా బాక్స్‌ను నడిపే చిన్న బ్యాటరీ) ఒక్కటి చాలు. ఈ బాక్సులు చాలావరకు 12 వోల్టులవే. అయినా అడాప్టర్ మీద అంకెలు చదివాకే కొనండి.

ఎప్పుడో ఒకసారి పోతుంటే ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చు. నా ఓటు హాట్‌స్పాట్‌కు కాదు, యూఎస్‌బీ టెథరింగ్‌కు, అంటే ఫోన్ నెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు ఇవ్వడానికి. ఫోన్ చార్జ్ కూడా అవుతుంది. విండోస్‌లో దాన్ని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన లైనుగా) పెట్టండి. లేకపోతే అప్‌డేట్లు డేటా అంతా మింగేస్తాయి. వీడియో మీటింగే గంటకు దాదాపు 1 జీబీ లాగుతుంది మరి!

తరచూ పోతుంటే రెండు నెట్ లైన్లు తగిలించుకోగల డ్యూయల్ వాన్ రౌటర్ తీసుకోండి. అందులో రెండు లైన్లనూ ఒకేసారి వాడే లోడ్ బ్యాలెన్స్ జోలికి పోకుండా, ఒకటి పోతేనే రెండోదానికి మారే ఫెయిలోవర్ ఎంచుకోండి. రెండు లైన్లూ కలిపి వాడితే కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారులు), బ్యాంకు సైట్లు పేచీ పెడతాయి. లైను మారేటప్పుడు ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ చిరునామా) కూడా మారుతుంది కాబట్టి, కాల్ కొన్ని సెకన్లు తెగి మళ్లీ కలవచ్చు. వీపీఎన్‌కు మళ్లీ లాగిన్ కావాల్సి రావచ్చు.

బిగించాక పరీక్షించడానికి చాలామంది రౌటర్ వెనక కేబుల్ పీకి, నెట్ మారగానే సంబరపడిపోతారు. అది తేలిక పరీక్ష. బయట వైరు తెగినప్పుడు బాక్స్‌కూ రౌటర్‌కూ మధ్య కేబుల్ నిక్షేపంగానే ఉంటుంది. రౌటర్ కూడా అంతా బాగానే ఉందనుకుంటుంది. అందుకే మీటింగులు లేని పూట, బాక్స్‌లోకి వచ్చే సన్నటి ఫైబర్‌నే మెల్లగా లాగండి. దాని కొసను తాకొద్దు, కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు. నెట్ మారకపోతే, రౌటర్ సెట్టింగుల్లో బయటి అడ్రస్‌ను పింగ్ చేసి (చిన్న సందేశం పంపి, జవాబు వస్తోందా అని) చూసుకునే ఆప్షన్ ఆన్ చేసి, మళ్లీ లాగి చూడండి.