జర్మనీలో అద్దె ఇల్లు: డిపాజిట్ గురించి ఒక సమాధానం

అన్నగారికి నమస్కారం. జర్మన్ భాష రాని మీ అమ్మాయికి బెర్లిన్‌లో ఇల్లు దొరకడం లేదనీ, ఒకాయన ఇల్లు చూపించకుండానే డిపాజిట్ పంపమంటున్నాడనీ నల్లగొండ నుంచి రాశారు. దయచేసి ఆ డబ్బు పంపవద్దు. అక్కడి చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల 'కాల్ట్‌మీటె'ను, అంటే ఇంటిని వెచ్చగా ఉంచడం, నీళ్లు వంటి ఖర్చులు కలపని అద్దెను మించకూడదు. దానిని కూడా మూడు సమాన నెలవారీ వాయిదాలలో చెల్లించే హక్కు అద్దెదారుకు ఉంది, మొదటి వాయిదా అద్దె కాలం మొదలైనప్పుడే ఇవ్వాలి.

ప్రకటనలో '2 గదులు' అని ఉంటే, మన మహబూబ్‌నగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ అనుకున్నట్టు అనుకోవద్దు; అక్కడ హాలును కూడా గదిగానే లెక్కిస్తారు. వంటగది చాలాచోట్ల అల్మారాలు, పొయ్యి లేకుండా ఖాళీగా ఉంటుంది.

ఇంటి యజమానికి మొదటి సందేశం నాలుగైదు వాక్యాలలో జర్మన్‌లోనే రాయించమనండి. ఇంట్లో చేరిన రెండు వారాలలోపు చిరునామా నమోదు చేయించుకోవాలి కాబట్టి, అందుకు కావలసిన ధ్రువపత్రం ఇస్తారా అని ముందే అడగమనండి. ఇవ్వనంటే ఆ ఇల్లు వదిలేయడమే మంచిది. అప్పటివరకు, నమోదుకు వీలున్న 'వేగే'లో, అంటే కొందరు కలిసి పంచుకునే ఇంట్లో, ఒక గది తీసుకుంటే నాకు నిశ్చింతగా ఉంటుంది.