చెరిపేసిన డేటాబేస్‌లోకే పద్దులు రాస్తున్న యాప్

ప్రశ్న: చిన్న వ్యాపారుల ఖాతా పద్దుల కోసం రూమ్ లైబ్రరీతో (ఫోన్‌లోని డేటాబేస్‌ను వాడుకోవడానికి తోడ్పడే కోడ్) ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నాను. ఒకరు లాగౌట్ చేయగానే డేటాబేస్ ఫైల్‌ను మామూలు ఫైల్ డిలీట్‌తో తొలగిస్తున్నాను. తర్వాత మరొకరు లాగిన్ అయి పద్దు రాస్తే, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలో ‘అటెంప్ట్ టు రైట్ ఎ రీడోన్లీ డేటాబేస్’ అంటూ 1032 కోడ్‌తో యాప్ ఆగిపోతోంది. మిగతా ఫోన్లలో ఏ దోషమూ రాదు గానీ, యాప్ మూసి తెరిస్తే కొత్త పద్దులు ఉండడం లేదు. ఫైల్ అనుమతుల సమస్యా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అనుమతుల జోలికి వెళ్లనవసరం లేదు. తెరిచి ఉంచిన డేటాబేస్ ఫైల్ తన చోట లేదని ఎస్‌క్యూలైట్ (రూమ్ అడుగున పనిచేసే డేటాబేస్ ఇంజిన్) గుర్తించినప్పుడు ఇచ్చే కోడ్ 1032. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెల్ కాబట్టి, వాడుకలో ఉన్న ఫైల్‌ను తొలగిస్తే ఫోల్డర్‌లోంచి పేరు మాత్రమే పోతుంది. దాన్ని తెరిచి ఉంచిన కనెక్షన్ మూసేదాకా లోపలి డేటా అలాగే నిలిచి ఉంటుంది. మీ రూమ్ ఆబ్జెక్ట్ సింగిల్టన్, అంటే యాప్ అంతటికీ ఒక్కటే, అయి ఉంటుంది. కాబట్టి మొదటి వ్యాపారి కనెక్షన్‌నే రెండో వ్యాపారి చేతికీ ఇస్తున్నారు.

ఫోన్‌ను బట్టి లక్షణం మారడానికి కారణం జర్నల్ విధానం, అంటే మధ్యలో ఆగినా డేటా చెడకుండా మార్పులను పక్క ఫైల్‌లో నమోదు చేసే పద్ధతి. తక్కువ ర్యామ్ ఫోన్లలో రూమ్ పాత తరహా జర్నల్‌ను వాడుతుంది. దాన్ని తెరిచేటప్పుడు ఎస్‌క్యూలైట్ అసలు ఫైల్ ఉందో లేదో చూసుకుంటుంది. మిగతా ఫోన్లలో రాతలు ముందుగా ‘-వాల్’ ఫైల్‌లోకి వెళతాయి, అక్కడ ఆ తనిఖీ లేదు. నా దృష్టిలో క్రాష్ అయిన ఫోన్లే నయం, కనీసం నష్టం జరుగుతోందని చెప్పాయి.

సరైన వరుస ఇది. ముందుగా వర్క్‌మేనేజర్ పనులను (నేపథ్యంలో నడిచేవి), ఫ్లోలను (డేటాబేస్ మార్పులను గమనిస్తూ ఉండేవి) ఆపాలి. ఆ తర్వాత రూమ్ ఆబ్జెక్ట్‌పై క్లోజ్ పిలిచి, సింగిల్టన్‌ను నల్ (ఖాళీ) చేయాలి. అప్పుడే కాంటెక్స్ట్‌లోని డిలీట్‌డేటాబేస్ పిలవాలి. అది అసలు ఫైల్‌తోపాటు -జర్నల్, -వాల్, -షమ్ అనే అనుబంధ ఫైళ్లను కూడా తీసేస్తుంది. మామూలు ఫైల్ డిలీట్ వాటిని వదిలేస్తుంది. రేపు మీరు అదే పేరుతో ఒక బ్యాకప్ కాపీని తెచ్చి పెడితే, మిగిలిపోయిన పాత -వాల్ దానితో కలిసి డేటాబేస్ చెడిపోయే ప్రమాదం ఉంది. డీబగ్ బిల్డ్‌లో ఏడీబీ షెల్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనం) నుంచి రన్-యాజ్ ఆదేశంతో మీ ప్యాకేజీలోకి వెళ్లి, డేటాబేసెస్ ఫోల్డర్‌లో ఏ ఫైళ్లు మిగిలాయో చూడండి.

అయితే, లాగౌట్‌కు ఫైల్‌నే తీసేయాలా అన్నది ఆలోచించదగ్గ విషయం. సర్వర్‌కు ఇంకా చేరని పద్దులు కూడా దానితోనే పోతాయి. వ్యాపారికొక ఫైల్ పేరు పెట్టి, సింక్ పూర్తయ్యాకే చెరపడం మేలు. ఒకే ఫైల్ ఉంచదలిస్తే, అన్ని పట్టికలనూ ఖాళీ చేసే రూమ్‌లోని క్లియర్‌ఆల్‌టేబుల్స్‌ను మెయిన్ థ్రెడ్ (తెరను నడిపే థ్రెడ్) బయట పిలవండి.

మీరు చెరపకపోయినా పోయే దారి ఇంకొకటుంది. డేటాబేస్ చెడిపోయిందని తేలితే ఆండ్రాయిడ్ డిఫాల్ట్ ఎర్రర్ హ్యాండ్లర్ ఫైల్‌ను తనంతట తానే తొలగిస్తుంది. ఖాతాల యాప్‌కు ఇది తగదు, డేటాబేస్ చెడినప్పుడు పిలవబడే ఆన్‌కరప్షన్ ఫంక్షన్‌లో ముందుగా ఫైల్‌ను పక్కకు కాపీ చేయించండి. ఇందుకు విరుద్ధంగా, చెరిపినది తిరిగి వచ్చే దారీ ఉంది: ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న ఆటో బ్యాకప్, యాప్‌కు 25 ఎంబీ దాకా డేటాను దాచి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు తెచ్చి పెడుతుంది. పద్దుల ఫైల్‌ను అందులోంచి మినహాయించడానికి ఆండ్రాయిడ్ 12 నుంచి డేటా ఎక్స్‌ట్రాక్షన్ రూల్స్ అనే సెట్టింగ్‌లోనూ, అంతకు ముందు వెర్షన్లకు ఫుల్ బ్యాకప్ కంటెంట్ అనే సెట్టింగ్‌లోనూ విడివిడిగా రాయాలి.