‘యాజ్ ఈజ్’ అని సంతకం పెట్టినా దావా నిలుస్తుంది, నోటీసు ఈ వారం వెళ్తేనే

ప్రశ్న: మేం టెక్సాస్‌లో డాలస్ శివార్లలో ఉంటాం. కారు రేసులంటే నాకు కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. ఇంట్లో వద్దంటున్నా వినకుండా గత అక్టోబరులో ఒకాయన దగ్గర కారు ఎక్కించుకెళ్లే 24 అడుగుల మూసిన ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌లో 9,500 డాలర్లకు కొన్నాను. ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చాడు, సొంత తమ్ముడిలా మాట్లాడాడు. యాడ్‌లో ‘5,200 పౌండ్ల యాక్సిల్స్ రెండు, మొత్తం కెపాసిటీ 9,990 పౌండ్లు, యాక్సిడెంట్ కాలేదు’ అని ఉంది. జనవరిలో హైవే మీద టైరు పేలింది. షాపుకు తీసుకెళ్తే అవి 3,500 పౌండ్ల యాక్సిల్స్ (చక్రాల ఇరుసులు) అనీ, ట్రైలర్ లేబుల్ మీద 7,000 పౌండ్లే ఉందనీ చెప్పారు. గొడవెందుకులే అని ఆయన్ని అడగలేదు. ఆ తర్వాత మూడుసార్లు నా మస్టాంగ్ (3,600 పౌండ్లు) ఎక్కించుకుని రేసులకు వెళ్లాను. ఇప్పుడు జూన్, నాకు నిద్ర పట్టడం లేదు. బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకం కాగితంలో) ‘యాజ్ ఈజ్’, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొన్నట్టు, అని ఉంది. ట్యాక్స్ తగ్గుతుందని ధర 5,000 అని రాసుకున్నాం. ఆయన సంతకం చేసిన టైటిల్ (యాజమాన్య పత్రం), దాన్ని మార్పించుకునే 130-యూ దరఖాస్తు ఫారం నా దగ్గరే ఉన్నాయి, ఇంకా నా పేరుకు మార్పించుకోలేదు. చీటింగ్ కేసు పెట్టొచ్చా? ఈ టెన్షన్‌కి పరిహారం వస్తుందా? టైటిల్ ఆయన పేరు మీదే ఉంది కాబట్టి అలాగే ఇంకొకరికి అమ్మేసి వదిలించుకోమంటున్నాడు నా స్నేహితుడు. ఇళ్ల అమ్మకాలు చూసే రియల్టర్ మిత్రుడొకరు తన కంపెనీ స్టిక్కర్ ట్రైలర్ మీద వేసుకుంటే పెట్రోలు ఖర్చు ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన మర్యాద, కాఫీ, మీ నిద్రలేని రాత్రులు, వీటిలో ఏదీ కోర్టుకు అక్కర్లేదు. మీ కేసు మొత్తం యాడ్‌లోని ఆ ఒక్క లైను మీద ఆధారపడి ఉంది. ఆ యాడ్ స్క్రీన్‌షాట్ మీ దగ్గర ఉందా? ఇంత పొడుగు ఉత్తరంలో ఆ మాటే రాయలేదు. యాడ్లు అమ్మకం అవగానే మాయమవుతాయి. ముందు ఫోన్ వెతకండి. యాడ్ దొరక్కపోతే, అవే అంకెలు ఆయన మెసేజ్‌లలో ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. అసలు ఎక్కడా లేకపోతే మీది మాటకు మాట కేసు అవుతుంది, గెలవడం కష్టం.

ఆ లైను ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ‘యాజ్ ఈజ్’ అన్న మాట చట్టం దానంతటదే కల్పించే హామీలను తీసేస్తుంది. మామూలు వ్యక్తి పాత ట్రైలర్ అమ్మితే వాటిలో ముఖ్యమైనది, సరుకు వాడకానికి తగినట్టు ఉంటుందన్న హామీ, ఎలాగూ ఉండదు. అది వ్యాపారి మీదే ఉంటుంది. కానీ అమ్మేవాడు ఒక వస్తువు గురించి నిర్దిష్టంగా ఒక విషయం చెప్పి, ఆ మాట మీద బేరం కుదిరితే అది స్పష్టమైన హామీ. ‘యాజ్ ఈజ్’ దాన్ని తుడిచెయ్యదు. ‘బంగారంలాంటి ట్రైలర్’ అని ఉంటే అది వట్టి పొగడ్త అని కోర్టు పక్కన పెడుతుంది. ‘5,200 పౌండ్ల యాక్సిల్’ అలా కాదు, కొలిచి చూడగల సంగతి. ‘యాక్సిడెంట్ కాలేదు’ అన్న మాటను మాత్రం పట్టుకోకండి, అబద్ధమని నిరూపించడం కష్టం. అంకెలు పట్టుకోండి.

ఒక చిక్కు ఉంది. బిల్ ఆఫ్ సేల్‌లో ‘మా ఒప్పందం మొత్తం ఇందులోనే ఉంది, బయట చెప్పిన మాటలు చెల్లవు’ అనే అర్థంలో ఏదైనా వాక్యం ఉందేమో చదవండి. ఉంటే యాడ్‌ను సాక్ష్యంగా తేవడానికి గట్టిగా వాదించాల్సి వస్తుంది. ఇళ్ల దగ్గర రాసుకునే ఒక పేజీ కాగితాల్లో చాలాసార్లు అది ఉండదు.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. ట్రైలర్ ఎడమ పక్క ముందు భాగంలో తయారీదారు లేబుల్ ఉంటుంది. ట్రైలర్ బరువు, లోడు కలిపి ఎంత దాటకూడదో, ఒక్కో యాక్సిల్ ఎంత మోస్తుందో, టైరు సైజు, విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అన్నీ దాని మీదే ఉంటాయి. 9,500 డాలర్లు చేతిలో పెట్టేముందు వంగి ఆ లేబుల్ చదవలేదు. అవతలి వైపు మొదటి వాదన ఇదే అవుతుంది: ‘లేబుల్ కళ్ల ముందే ఉంది, చూసే కొన్నాడు’ అని. మీరు అడిగిన చీటింగ్ దారి అందుకే వద్దంటున్నాను. మోసం కేసులో మీరు ఆయన మాట నమ్మడం సమంజసమేనని కూడా చూపాలి, కంటికి కనిపించే లేబుల్ అక్కడ మీకు దెబ్బ. పైగా ఆయనకు తెలిసే అబద్ధం చెప్పాడని నిరూపించాలి. హామీ తప్పిన కేసులో ఆయన మనసులో ఏముందో నిరూపించనక్కర్లేదు. మనోవేదనకు ఇలాంటి కేసులో డబ్బు రాదు, ఆ ఆశ వదులుకోండి.

గడువు గురించి చాలామంది పొరబడతారు. హామీ తప్పిన దావాకు టెక్సాస్‌లో నాలుగేళ్లు. అది మీకు లోపం తెలిసిన జనవరి నుంచి కాదు, ట్రైలర్ మీ చేతికొచ్చిన అక్టోబరు నుంచే నడుస్తోంది. కానీ నాలుగేళ్లున్నాయని కూర్చుంటే అంతకంటే ముందే మునుగుతారు. టెక్సాస్ వ్యాపార చట్టం, బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 2.607 ప్రకారం లోపం తెలిశాక, లేదా తెలిసి ఉండాల్సిన నాటి నుంచి, సమంజసమైన వ్యవధిలో అమ్మినవాడికి చెప్పకపోతే కొన్నవాడికి ఏ పరిహారమూ దక్కదు. ఏ పరిహారమూ. మీరు జనవరి నుంచి జూన్ దాకా నోరు మెదపలేదు. ఎన్నాళ్లు సమంజసం అన్నది కేసును బట్టి తేలే విషయం కాబట్టి ఇంకా అవకాశం ఉంది, ప్రతి వారం అది తగ్గుతోంది. తెలిశాక కూడా వాడారు కాబట్టి ట్రైలర్ వెనక్కిచ్చి మొత్తం డబ్బు రాబట్టడం దాదాపు కుదరదు. చెప్పిన ట్రైలర్ విలువకూ, వచ్చిన ట్రైలర్ విలువకూ ఉన్న తేడా అడగాలి.

ఈ వారమే రిటర్న్ రిసీట్‌తో సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి, అదే మాట పాత మెసేజ్‌ల కిందా పెట్టండి. ఎప్పుడు కొన్నారు, యాడ్‌లో ఉన్న మాట అక్షరం పొల్లుపోకుండా, లేబుల్ మీద ఉన్నది, మీకు ఎప్పుడు తెలిసింది, ఎంత అడుగుతున్నారు, జవాబుకు పది రోజుల గడువు. అంతే రాయండి. తిట్లు వద్దు. ‘డబ్బివ్వకపోతే పోలీసుల దగ్గరికి వెళ్తా’ అన్న మాట అసలు రాకూడదు, అది తిరిగి మీ మెడకే చుట్టుకుంటుంది.

స్నేహితుడి సలహా విషయంలో కచ్చితంగా చెబుతున్నాను: వద్దు. టైటిల్ మీ పేరుకు మార్చకుండా మరొకరికి చేరవేయడం టెక్సాస్‌లో నేరం. దానికి మించి, యాక్సిల్ సంగతి ఇప్పుడు మీకు తెలుసు. దాచి అమ్మితే, మీరు ఆయన మీద వేయాలనుకుంటున్న మోసం కేసు మీ మీదే పడుతుంది, మీరు తెలిసే చేశారని ఈ ఉత్తరమే చెబుతుంది. మీ ముఖ్య సాక్ష్యమైన ట్రైలర్ కూడా చేజారిపోతుంది. పెద్ద యాక్సిల్స్ వేయించి కొత్త ప్లేటు అంటించుకుందామన్న ఆలోచనా రానీయకండి. యాక్సిల్ మార్చినంత మాత్రాన లేబుల్ మీది కెపాసిటీ పెరగదు, విన్ నంబరు ఉన్న ప్లేటు పీకితే ఫెడరల్ నేరం దాకా పోతుంది.

130-యూ ఫారం కొన్న 30 రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు చేరాల్సింది. ఆలస్యపు రుసుము కట్టి ఇప్పుడైనా ఇవ్వండి. ధర గడిలో 9,500 అనే రాయండి. 6.25 శాతం లెక్కన 5,000 రాస్తే మీకు మిగిలేది 280 డాలర్ల చిల్లర. ఆ ఫారంలో అబద్ధం రాయడం థర్డ్ డిగ్రీ ఫెలనీ (తీవ్రమైన నేరం) అని ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకు ఫెలనీ అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు. ఆ 5,000 బిల్లు దావాలో కూడా మీకే ఎదురు తిరుగుతుంది: జడ్జి నమ్మితే మీ నష్టమే చిన్నదవుతుంది. దాన్ని చింపకండి, దిద్దకండి. ఆ రోజు బ్యాంకులో డబ్బు తీసిన రికార్డు, 9,500 అని మాట్లాడుకున్న మెసేజ్‌లు జతచేసి, అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి.

లేబుల్, ఫ్రేమ్ మీది విన్, యాక్సిల్ మీది ట్యాగు, టైర్ల సైడ్‌వాల్‌పై డాట్ కోడ్ చివరి నాలుగంకెలు (ఏ వారం, ఏ ఏడాది తయారైందో) అన్నీ ఫోటోలు తీయండి. విన్ చెప్పి, ఫ్యాక్టరీలో ఏ యాక్సిల్స్ వేశారో తయారీదారును రాతపూర్వకంగా అడగండి. సంబంధం లేని ట్రైలర్ మెకానిక్‌తో సంతకం ఉన్న రిపోర్టు రాయించండి. ఇవన్నీ అయ్యేదాకా ఒక్క బోల్టు కూడా మార్చకండి.

ఇక లాగడం. 24 అడుగుల మూసిన ట్రైలర్ ఖాళీగానే 3,500 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. దానికి మీ మస్టాంగ్ కలిపితే టూల్స్, టైర్లు ఎక్కించకముందే 7,000 దాటిపోతోంది. జనవరిలో టైరు పేలడం మిమ్మల్ని ఆపాల్సింది. ప్రమాదం తెలిసీ లక్ష్యపెట్టకుండా లాగి ఎవరి ప్రాణమైనా తీస్తే అది మామూలు పొరపాటు కాదు, శిక్షగా వేసే అదనపు పరిహారం దాకా వెళ్తుంది. ట్రక్ స్టాప్‌లో ఖాళీగా తూకం వేయించి స్లిప్ దాచండి, ఆ కారు మాత్రం ఇందులో ఎక్కించకండి. మీ ఆటో పాలసీ లయబిలిటీ సాధారణంగా వెనక లాగే ట్రైలర్‌కూ వర్తిస్తుంది గాని, ట్రైలర్‌కూ లోపలి కారుకూ వేరే కవరేజి కావాలి.

రియల్టర్ మిత్రుడికి ప్రస్తుతానికి వద్దని చెప్పండి. ట్రక్కు, ట్రైలర్ రేటింగులు కలిపి 10,001 పౌండ్లకు చేరి, మీరు రాష్ట్రం దాటితే ఫెడరల్ వాణిజ్య వాహన నియమాల ప్రశ్న వస్తుంది. సరదా రేసులకు సొంత కారు తీసుకెళ్లేవారికి మినహాయింపు ఉంది, ప్రైజ్ మనీ ఉన్నా సరే. కానీ ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా ట్యాక్సులో చూపకూడదు, ప్రైజ్ మనీని మామూలు ఆదాయంగా చూపాలి, కార్పొరేట్ స్పాన్సర్‌షిప్ ఉండకూడదు. స్టిక్కర్‌కు కంపెనీ డబ్బు తీసుకుంటే స్పాన్సర్‌షిప్ అన్న ప్రశ్నే వస్తుంది.

పది రోజుల్లో జవాబు రాకపోతే ఆయన ఉండే ప్రాంతపు జస్టిస్ కోర్టులో (చిన్న దావాల కోర్టు) దావా వేయండి. 20,000 డాలర్ల దాకా అక్కడే తేలుతుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీకు వచ్చిన 3,500 పౌండ్ల యాక్సిల్స్ ఉన్న ట్రైలర్లు, 5,200 వి ఉన్న ట్రైలర్లు ఎంతకు అమ్ముతున్నారో యాడ్లు ప్రింట్ తీసి వెంట తీసుకెళ్లండి. ఆ తేడాయే మీరు అడగాల్సిన మొత్తం. అంతకన్నా ఎక్కువ అడిగితే మిగతా మాటల మీదా జడ్జికి నమ్మకం పోతుంది.