డల్లాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకెంత?

ప్రశ్న: మాది విజయనగరం. మా వీధిలో ఉండే వయొలిన్ మాస్టారు అమెరికాలోని పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. ఆ వేళలను జేసన్ (సమాచారాన్ని అక్షరాల రూపంలో దాచే ఒక పద్ధతి) ఫైల్లో దాచే చిన్న ప్రోగ్రామ్ నేను రాసి ఇచ్చాను. డల్లాస్‌లోని ఒక పాపకు అక్కడి శనివారం రాత్రి 8:30కి పాఠం. వేసవి నుంచి బాగానే నడిచింది. కానీ 2025 నవంబరు 9 ఆదివారం ఉదయం 7 గంటలకే మాస్టారు శ్రుతి చేసుకుని కూర్చుంటే, పాప 8 గంటలకు వచ్చింది. యూటీసీతో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంతో, ఉన్న తేడాను కూడా ఫైల్లో రాశాను కదా, పొరపాటు ఎక్కడ జరిగింది? అన్నింటినీ యూటీసీలోకి మార్చేస్తే సరిపోతుందా?

జవాబు: తేడా రాయడం తప్పు కాదు, ఆ తేడానే ఊరి పేరుగా వాడుకోవడం వల్ల పొరపాటు వచ్చింది. ‘-05:00’ అన్నది ఆ క్షణంలో అక్కడి గడియారం యూటీసీకి ఐదు గంటలు వెనుక ఉందని మాత్రమే చెబుతుంది. అక్కడి గడియారాలను మార్చి నెల రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2025లో అది నవంబరు 2. అందుకే ‘2025-11-01 20:30:00-05:00’ అని రాసిన పాఠం మనకు 2వ తేదీ ఉదయం 7 గంటలకు వచ్చింది. మరుసటి శనివారం అదే ఎనిమిదిన్నరకు ‘-06:00’ కావాలి, అప్పుడు మనకు ఉదయం 8 అవుతుంది. మీ ప్రోగ్రామ్ పాత తేడాకే వారం వారం ఏడు రోజులు కలుపుకుంటూ పోయింది.

యూటీసీలోకి మారిస్తే ఈ చిక్కు తీరదు సరికదా, పాప ఇంట్లో అనుకున్న ‘ఎనిమిదిన్నర’ అన్న మాట కూడా ఫైల్లో మిగలదు. జరిగిపోయిన వాటికి, అంటే పాఠం ఎప్పుడు మొదలైంది, ఫీజు ఎప్పుడు జమయింది అన్న వాటికి యూటీసీయే మేలు. 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్ల సంఖ్యగా రాసినా పరవాలేదు కానీ, ఒకరు సెకన్లు, మరొకరు మిల్లీసెకన్లు రాసి ఇబ్బంది పడడం తరచుగా జరుగుతుంది కాబట్టి, మనిషి చదవగలిగే రూపాన్నే నేను ఎంచుకుంటాను.

జరగబోయే పాఠానికి మాత్రం తేదీ, అక్కడి గోడగడియారం చూపే వేళ, ఆ ప్రాంతం పేరు విడివిడిగా రాయండి. ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యల పట్టికలను చూసుకునే ఐయానా సంస్థ కాలమండలాల జాబితాలో డల్లాస్‌కు వేరే పేరు లేదు, ‘అమెరికా/షికాగో’ వాడాలి, మనది ‘ఏషియా/కోల్‌కతా’. పేరే ఎందుకంటే, గడియారం తిప్పే నియమాలను ప్రభుత్వాలు మారుస్తుంటాయి. మన దేశంలోనే రెండో ప్రపంచ యుద్ధకాలంలో గడియారాలు యూటీసీకి ఆరున్నర గంటలు ముందు నడిచాయి. నియమం మారితే ఆ జాబితా సవరణ పొందుతుంది, మీ ఫైలును ముట్టుకోనక్కరలేదు.

జేసన్‌లో తేదీకంటూ ప్రత్యేక రకం లేదు, అక్షరాల వరుసగానే రాయాలి. దానికి తేదీ, వేళ రాసే తీరుపై 2002లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 3339 రూపం చాలు. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9557 ప్రకారం దాని వెనుకే చతురస్ర కుండలీకరణాల్లో ప్రాంతం పేరు చేర్చవచ్చు కానీ, చదివే ప్రోగ్రామ్‌లన్నీ దాన్ని అర్థం చేసుకోవు. అందువల్ల విడిగా రాయడమే నాకు నచ్చుతుంది.

పిల్లల పుట్టినరోజులు కూడా దాస్తుంటే వాటికి వేళ అసలు తగిలించకండి. ఆగస్టు 15ను మన అర్ధరాత్రిగా రాస్తే యూటీసీలో అది 14వ తేదీ సాయంత్రం 6:30 అవుతుంది, డల్లాస్ తెర మీద పాప ఒకరోజు ముందే పుట్టినట్టు కనిపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం మాస్టారినే అడగాలి: పాఠం డల్లాస్ ఎనిమిదిన్నరకు కట్టుబడిందా, విజయనగరం ఏడుకా? రెండోదైతే ప్రాంతం గడిలో మన పేరు రాయాలి, నవంబరులో పాపే గంట ముందుగా, 7:30కే కూర్చోవాలి. ఇప్పటికే ఉన్న ఫైళ్లలోని తేడాను బట్టి ఊరిని ఊహించకండి. వేసవిలో లాస్ ఏంజెలెస్, ఫీనిక్స్ రెండూ ‘-07:00’ మీదే ఉంటాయి, కానీ ఫీనిక్స్‌లో గడియారాన్ని తిప్పరు. కాబట్టి ప్రతి పిల్ల ఇంటికీ ఫోన్ చేసి, ఏ ఊరో అడిగి రాసుకోండి.