సంచి 400 గ్రాములు, బిల్లు 3.5 కిలోలకా?

అక్కా, అనంతపురం నుంచి మీరు పంపే, పాత జీన్సుతో కుట్టిన సంచికి బరువు మీద కాదు, అది ఆక్రమించే చోటు మీద బిల్లు పడుతోంది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. మీ అట్టపెట్టె 35×30×15, అంటే 3.15 కిలోలు. అరకిలో లెక్కన పైకి సర్దితే 3.5.

పెట్టె మానేయండి. అడుగున పెట్టే గట్టి అట్టను కుట్టేయకుండా, విడిగా తీసేలా చేయండి, అసలు కిటుకు అదే. సంచిని చదునుగా మడిచి, అట్ట ఆనించి కవర్లో వేస్తే 35×30×4, అంటే 0.84. ఒక కిలోకే బిల్లు. బకిల్‌కు గుడ్డ చుట్టండి. అంటించేముందు గాలంతా నొక్కి తీయండి, ఎత్తు కొలిచేది ఉబ్బిన చోటే. కొలత టేపు పెట్టి, కాటా మీద ఉంచి ఫొటోలు తీసుకోండి. బిల్లు తప్పుపడితే అవే ఆధారం.