నీ హీలర్ కళ్ళు ఎక్కడుంటాయి?

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చి. చిన్నాకి, పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన గేమ్ డిజైన్ కాగితాలు రెండుసార్లు చదివాను. నలుగురు హీలర్లు, అంటే తోటి ఆటగాళ్ళకి నయం చేసే పాత్రలు: వెలుగు పూజారి, ఆకుల వైద్యురాలు, నీటి మాంత్రికుడు, ఎముకల భూతవైద్యుడు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. రంగులు తీసేసి చూస్తే మాత్రం నలుగురిదీ ఒకటే పని. ఎవరి ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ తగ్గగానే బటన్ నొక్కడం. ఒకటే పప్పుచారు నాలుగు గిన్నెల్లో పోశావురా.

తిట్టడం లేదు, నేనూ చేసిన తప్పే ఇది. మునుపు పనిచేసిన చోట ముగ్గురు హీలర్లని తయారుచేశాను. వారం రోజుల టెస్టింగ్ అయ్యేసరికి ఎవరు ఎక్కువ నయం చేస్తారో లెక్కగట్టి, అందరూ ఆ ఒక్కదాన్నే పట్టుకున్నారు. మిగతా రెండూ బొమ్మలకొలువుకి పనికొచ్చాయి. అంకెలు సర్దుతూ మూడు నెలలు గడిపాను. లోపం అంకెల్లో ఉంటే కదా!

అప్పటినుంచి ఏ హీలర్ గురించైనా ముందు ఒకటే అడుగుతాను. ఆడేవాడి కళ్ళు ఎక్కడుంటాయి?

హుద్‌హుద్ నీకు గుర్తుందో లేదో. 2014 అక్టోబర్ 12. ముందురోజే మీ తాతయ్య మేడ మీద ట్యాంకు మూత తాళ్ళతో బిగించాడు, కిటికీలకి అట్టలు కొట్టాడు. ఆయన చూపంతా ఆకాశం మీదే. గాలి తగ్గాక మీ బాబాయి గొడ్డలి పట్టుకుని, ఎవరి గుమ్మానికి చెట్టు అడ్డం పడిందో చూసుకుంటూ పరిగెత్తాడు. కరెంటు లేనన్ని రోజులూ మీ అమ్మమ్మ బిందెలు లెక్కపెట్టుకుని పూటకిన్ని చెంబులని నీళ్ళు పంచింది. ముగ్గురూ ఆదుకున్నవాళ్ళే. ఒకరి పని ఇంకొకరికి ఇచ్చుంటే మాత్రం ఇల్లు గుల్లయ్యేది.

తాతయ్య షీల్డ్ హీలర్, దెబ్బ పడకముందే కవచం వేసేవాడు. అతని కళ్ళు బాస్ మీద, అంటే ఎదుటి పెద్ద శత్రువు మీద ఉంటాయి. బాస్ చెయ్యెత్తడం తెలిసేలా లేకపోతే ఆ హీలర్ గుడ్డివాడే, అందుకని యానిమేషన్ వాళ్ళని ఇప్పుడే కూర్చోబెట్టుకో. దెబ్బ పడకపోతే షీల్డ్ వృథా అవ్వాలి, ఆ భయం ఉంటేనే ఆట.

అమ్మమ్మది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో డ్రూయిడ్ అనే హీలర్ పద్ధతి. కొద్దికొద్దిగా నయమవుతూ ఉంటుంది. కళ్ళు గడియారం మీద. ఎవరి మీద ఎన్ని సెకన్లు మిగిలాయో గుర్తుపెట్టుకోవాలి. నీ ఆకుల వైద్యురాలికి ఇదివ్వు.

బాబాయి కళ్ళు హెల్త్ బార్ల మీద. తేలికనుకోకు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ గేమ్‌లో క్లెరిక్ అనే హీలర్ వేసే పెద్ద హీల్ పూర్తవడానికి 10 సెకన్లు పట్టేది. దెబ్బ తగిలాక మొదలుపెడితే ట్యాంక్, అంటే ముందు నిలబడి అందరి దెబ్బలూ కాచేవాడు, చచ్చినట్టే. అందుకని క్లెరిక్‌లు వరసకట్టి, ఒకరి వెనక ఒకరు సమయం చూసి వేసేవారు. ఉన్నది ఒక్క బటన్, అయినా ఊపిరి ఆడనిచ్చేది కాదు.

భూతవైద్యుడు కొడుతూ నయం చేస్తే బాగుంటాడు. 2021లో ఫైనల్ ఫాంటసీ 14 గేమ్‌లో వచ్చిన సేజ్ అనే హీలర్ అలాగే, శత్రువుని కొడితే ఎంచుకున్న తోటివాడికి నయమవుతుంది. అయితే కొట్టడంలోనూ, నయం చేయడంలోనూ పూర్తి బలం ఇచ్చావంటే మిగతా ముగ్గురి మొహం ఎవరూ చూడరు.

అదే గేమ్‌లో హీలర్లు ఎన్నాళ్ళుగానో చెప్పుకునే బాధ ఇంకొకటుంది. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు ఒకే దాడి మంత్రం పదేపదే నొక్కుతూ కూర్చోవాలి. ఒక్కొక్కరికీ ఆ ఖాళీ సమయంలో పనేమిటో విడిగా రాయి. నీ కాగితాల్లో దాని ఊసే లేదు.

చచ్చినవాడిని లేపడం, విషం తీయడం మాత్రం నలుగురికీ పంచు. ఒక్కడికే ఇస్తే, వాడు రాని రోజు రెయిడే, అంటే గుంపుగా వెళ్ళి బాస్‌తో చేసే పోరే, ఉండదు. ఈ గొడవంతా ఎందుకు, హీలర్లనే తీసేద్దాం అంటారు మీ టీమ్‌లో ఎవరో ఒకరు. గిల్డ్ వార్స్ 2 అనే గేమ్ 2012లో ప్రత్యేకంగా హీలర్ లేకుండానే మొదలైంది. 2015లో రెయిడ్లు తెచ్చిన ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి కలిపిన కొత్త భాగం)తోనే నయంచేసే డ్రూయిడ్‌నీ తెచ్చుకుంది.

ఇంకోటి. ద్వారకానగర్ నెట్ సెంటర్‌లో కూర్చుని యూరప్ సర్వర్‌లో ఆడినప్పుడు నా హీల్ చేరేసరికి అక్కడ శవం ఉండేది. చివరికి షీల్డులే నన్ను బతికించాయి. రుషికొండ ఆఫీసులో పక్కనే ఉన్న సర్వర్ మీద టెస్ట్ చేసి మురిసిపోకు. నెట్ ఆలస్యాన్ని కావాలనే పెట్టి చూడు. ఎవరు ముందు కుదేలవుతారో తెలుస్తుంది.

నీటి మాంత్రికుడి సంగతి నాకూ తోచలేదు. ముగ్గురితోనే ముందు ఆడించి చూడు, వాడు అక్కర్లేదేమో.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని భోజనానికి రా. బాబాయి ట్యాంక్ ఆడతానంటున్నాడు. ఏనాడూ తన హెల్త్ బార్ చూసుకోడు, నీ టెస్టింగ్‌కి అంతకంటే మంచివాడు దొరకడు.

మీ పిన్ని