గీత బయట ఉంటే భయం లేదా?

ప్రశ్న: తుఫానంటే చాలు, మా వాట్సాప్ గ్రూపులో మ్యాపులు కుప్పలు పడతాయి. ఒకదానికొకటి పొంతన ఉండదు. మా ఊరు గీత లోపలుందా, బయటుందా అని టెన్షన్. ఏది నమ్మాలండీ? – ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: ముందు మ్యాపు మీద తేదీ, టైము చూడండమ్మా. లేకపోతే తీసేయండి. తుఫానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది. నిన్నటి మ్యాపు చద్దన్నంపాటి కూడా పనికిరాదు.

ఇక మ్యాపులో తుఫాను దారి చుట్టూ గీత గీసి చూపే ఆ గరాటా ఆకారం. అది తుఫాను సైజు అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను. నిజానికి అది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా. ముందుకెళ్లేకొద్దీ అంచనా తప్పే వీలు ఎక్కువ కాబట్టి వెడల్పవుతుంది. గాలీ వానా ఆ గీతను లెక్కచేయవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరం వైపు ఉండే మా పిన్ని ‘గీత విశాఖ మీదుందిగా, మాకేం కాదు’ అంది. సాయంత్రానికి వాళ్ల వంటింటి రేకులు పక్కవాళ్ల కొబ్బరితోటలో తేలాయి.

వాతావరణ శాఖ సైటులో జిల్లాలవారీగా హెచ్చరిక రంగులు కూడా ఇస్తారు, ముప్పు పెరిగే వరుసలో: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. నేనైతే గరాటా కంటే ముందు ఆ రంగే చూస్తాను. మీరు చూడాల్సింది విశాఖ జిల్లా.